రైల్ సెన్సర్ దగ్గర లేని సీలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, జూన్ మొదటి వారంలో, నన్ను కర్నూలు నుంచి ఆదోని సర్వీసు సెంటరుకు వర్క్స్ మేనేజరుగా బదిలీ చేశారు. పదవీ విరమణకు పది నెలలుంది. ఆ వయసులో అది ప్రమోషనో, మర్యాదగా పక్కన పెట్టడమో నాకు ఇప్పటికీ తెలియదు. భార్యను కర్నూల్లోనే ఉంచి, ఆదోనిలో ఒక గది అద్దెకు తీసుకుని, ఒక స్టవ్వు, రెండు గిన్నెలతో కాపురం పెట్టాను. ముప్ఫై ఆరేళ్లు ఇంజన్ల మీద వంగిన నడుము ఆ ఏడాది నిటారుగా నిలబడటం మానేసింది. పొద్దున షెడ్డుకు వెళ్లేటప్పుడే సాయంత్రం ఎప్పుడవుతుందా అనిపించేది.

మా షెడ్డు పత్తి జిన్నింగ్ మిల్లుల పక్కన ఉండేది. మాకు వచ్చే కార్లలో ఎక్కువ భాగం పత్తి, ధాన్యం వ్యాపారులవి. మిల్లులు నడిచే రోజుల్లో వాళ్ల కార్ల ఎయిర్ ఫిల్టర్ విప్పితే దిండులోకి సరిపడా దూది వచ్చేది. వర్క్స్ మేనేజరు కింద ఒక ఫ్లోర్ సూపర్‌వైజరు, ఆయన కింద ఇంజన్ కోడ్‌లు చదివే డయాగ్నస్టిక్ టెక్నీషియన్, ఆయన కింద మిగిలినవాళ్లు ఉండాలని కంపెనీ కాగితం మీద ఉంది. ఆదోనిలో సూపర్‌వైజరు పోస్టు ఖాళీ. టెక్నీషియన్ మహబూబ్ బాషా ఒక్కడే రెండు పనులూ చూసుకునేవాడు. నలభై ఏళ్లవాడు. మాట తక్కువ, పని శుభ్రం.

ఈ వృత్తి తెలియనివారి కోసం కొంచెం వివరం. ఇప్పటి కార్లలో ఇంజన్‌ను ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ నడిపిస్తుంది. ఇంజన్ మీద అక్కడక్కడా ఉన్న సెన్సర్లు వేడి ఎంత, ఒత్తిడి ఎంత, వేగం ఎంత అని దానికి వోల్టేజీ రూపంలో చెబుతుంటాయి. ఏదైనా సెన్సర్ చెప్పే మాట పొంతన లేకుండా ఉంటే ఈసీయూ ఒక కోడ్ రాసుకుని, డ్రైవరు ఎదుట పసుపుపచ్చ లైటు వెలిగిస్తుంది. మేము స్కానర్ తగిలించి చదివేది ఆ కోడ్‌నే. దానితో పాటు, ఆ క్షణంలో బండి ఎంత వేగంలో ఉంది, ఇంజన్ ఎంత వేడిగా ఉంది అన్న వివరాలూ దొరుకుతాయి. వాటిని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటాం. స్కానర్ పెట్టగానే జబ్బు పేరు వచ్చేస్తుందని జనం అనుకుంటారు. నొప్పి ఎక్కడుందో చెప్పడం వరకే దాని పని. ఎందుకు నొప్పి అన్నది మనిషి వెతుక్కోవాలి, అందుకు ఓపిక కావాలి. ఆ ఏడాది నా దగ్గర అదే కరువైంది.

వీరేశ్ ఎమ్మిగనూరు మనిషి. ముప్ఫై అయిదేళ్లుంటాయి. వాళ్లింట్లో తరాలుగా మగ్గం నేసేవారు. అతను మగ్గం వదిలి, ఒక డీజిల్ కారు కొని బాడుగకు తిప్పేవాడు. అతనికి ఖాయమైన బాడుగ ఒకటుంది. పెద్దకడుబూరు దగ్గరి పల్లె నుంచి నాగమ్మ అనే ఆమెను ప్రతి మంగళవారం, శుక్రవారం ఆదోనికి డయాలిసిస్‌కు తీసుకొచ్చి, మళ్లీ ఇంటి దగ్గర దింపడం. నాగమ్మకు యాభై దాటాయి. పత్తి, వేరుశనగ వేసుకునే చిన్న రైతు కుటుంబం. రెండు కిడ్నీలూ చెడిపోయాయి. మిషన్ దగ్గర ఆమెకిచ్చిన వేళ పొద్దున ఏడు గంటలు. ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. ఒక్క విడత తప్పినా ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు. ఈ బండి సమయానికి చేరితేనే ఆమె బతుకు. ఈ సంగతి వీరేశ్ మొదటి రోజే నాకు విడమరిచి చెప్పాడు. నేను తలూపాను. రోజుకు ఎంతమంది ఎన్ని చెబుతారో, అన్నింటికీ అలాగే తలూపేవాణ్ణి.

జూన్ చివర్లో ఆ బండి డీజిల్ కారుతోందని వచ్చింది. ఆ వారం బాషాను శిక్షణకు పంపారు. నేనే చొక్కా చేతులు మడిచి పనిలోకి దిగాను. కారుతున్న పైపు జాయింటును చేరాలంటే రైల్ ప్రెషర్ సెన్సర్‌కు వైర్లు తగిలే కనెక్టరు విప్పాలి. రైల్ అంటే ఇంజన్ నెత్తిన అడ్డంగా ఉండే ఉక్కు గొట్టం. సిలిండర్లలోకి పోయే డీజిల్ అంతా ముందు అందులో విపరీతమైన ఒత్తిడిలో నిలుస్తుంది. ఆ ఒత్తిడి ఎంతో ఈసీయూకు చెప్పేది ఈ సెన్సర్. కనెక్టరు లాగేటప్పుడు దాని లోపలి రబ్బరు సీలు తెగి నా వేళ్లకు వచ్చింది. చిన్న ఉంగరమంత ఉంటుంది. తడి లోపలికి పోకుండా ఆపేది అదే.

ఆ సీలు విడిగా దొరకదు. కనెక్టరు మొత్తానికి ఇండెంట్ పెట్టి గోడౌన్ నుంచి తెప్పించుకోవాలి. వారం పడుతుంది. సీలు లేదని, బండి మరమ్మతు వివరాలుండే జాబ్ కార్డులో రాస్తే బండిని బయటికి పంపడానికి నియమం ఒప్పుకోదు. మర్నాడు శుక్రవారం, నాగమ్మను తీసుకురావాలి. సీలు లేకుండానే కనెక్టరు తగిలించి, పైన నల్ల టేపు నాలుగు చుట్లు బిగించి చుట్టాను. ఇంజన్ మీద మూతలా ఉండే ప్లాస్టిక్ కవరుకు ఒక పక్క పట్టు విరిగి ఉంది. ఊగి చప్పుడు చేస్తుందని దాన్ని తీసి డిక్కీలో పెట్టాను. ఈ రెండూ ఎక్కడా రాయలేదు. ఇండెంట్ తర్వాత పెడదామనుకున్నాను, మరిచిపోయాను. మరిచిపోయానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను గానీ, నిజానికి రెండుసార్లు గుర్తొచ్చింది. రెండుసార్లూ కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

శ్రావణం వచ్చిన తర్వాత ఒక మంగళవారం బండి తొలిసారి ఆగింది. ఎమ్మిగనూరు దాటగానే ఆగిందట, నాగమ్మ ఇంకా ఎక్కలేదు. కాసేపటికి దానంతట అదే స్టార్టయింది. ఆమెను సమయానికే చేర్చి, ఆమె మిషన్ మీద ఉన్న నాలుగు గంటల్లో వీరేశ్ బండిని మా దగ్గరికి తెచ్చాడు. స్కానర్ పి 0193 అని చూపించింది. రైల్ సెన్సర్ నుంచి వచ్చే వోల్టేజీ ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఉందని దాని అర్థం. అలా వస్తే ఈసీయూ రైల్‌లో ఒత్తిడి హద్దు మీరిందని నమ్మి డీజిల్ తగ్గించేస్తుంది, ఇంజన్ చచ్చిపోతుంది. స్కానర్ పెట్టి వైర్లను కదిపి చూశాం. తప్పు దొరకలేదు. కోడ్ చెరిపి ఇచ్చేశాం. డెలివరీ వేళకు బండిలో కోడ్ ఉండకూడదన్నది నియమం. చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది కాబట్టి ముందుగా ప్రింటు తీసి పెట్టుకోవాలని కూడా అదే నియమం చెబుతుంది. ఆ రోజు ప్రింటరులో కాగితాలు లేవు. తెప్పించలేదు.

శుక్రవారం మళ్లీ ఆగింది, మళ్లీ అదే కోడ్. ఈసారి బాషా సెన్సర్ మార్చాడు. మార్చడానికి టేపు విప్పి, నన్ను పిలిచాడు.

"సార్, ఈడ సీలు లేదు. పిన్నులు పచ్చగా తిరిగినాయి సూడండి."

సీలు సంగతి నాకు తెలుసని, ఇండెంట్ పెడతానని చెప్పాను. పెట్టాను కూడా, ఆ సాయంత్రమే. కానీ జబ్బు అక్కడుందని ఒప్పుకోలేదు. "వానే లేదు కదా బాషా, తడి యాడ్నుంచి వస్తుంది?" అన్నాను. ఆ ఏడు నిజంగానే వాన లేదు. మొలిచిన పత్తి మాడిపోయి, రైతులు మళ్లీ విత్తనం వేయాలా వద్దా అని తల పట్టుకుని కూర్చున్నారు. అలాంటి నెలలో కనెక్టరు లోపలి పిన్నులకు పచ్చతుప్పు ఎందుకు పట్టిందని అడగాల్సింది నేనే. అదేదో పాత మరక అనేశాను. బాషా పిన్నులు తుడిచి, స్ప్రే కొట్టి, కొత్త టేపు చుట్టాడు.

తర్వాతి మంగళవారం మూడోసారి ఆగింది. ఈసారి డీజిల్ పంపు మీది వాల్వు మార్పించాను. కోడ్ ఆ వాల్వు మాట ఎత్తలేదు, నేనే ఊహించాను. ఊహ మీద పార్టు మార్చడం మా వృత్తిలో సిగ్గుచేటు. బయటికి మాత్రం రెండో దశ పరీక్ష అని గౌరవంగా పిలుచుకుంటాం.

ఆ శుక్రవారం నాగమ్మ బండిలో ఉండగా ఆగింది. పెద్దకడుబూరుకూ ఆదోనికీ నడుమ, అటూ ఇటూ పొలాలు తప్ప ఏమీ లేని చోట. వీరేశ్ అర్ధగంట తంటాలు పడి, చివరికి కూరగాయల ట్రాలీ ఒకటి ఆపి, మూటల మధ్య ఆమెను కూర్చోబెట్టి పంపాడు. ఆమె చేరేటప్పటికి తొమ్మిది దాటింది. మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. మర్నాడు రమ్మన్నారు. మర్నాటికి ఆమెకు ఊపిరాడలేదు. కర్నూలుకు తీసుకెళ్లి మూడు రోజులు ఆక్సిజన్ మీద పెట్టారు. బతికింది.

వీరేశ్ శనివారం వచ్చాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు.

"మీ కోడ్లు గీడ్లు నాకు తెల్దు సార్. ఆయమ్మ ఎక్కినాక బండి నిలబడగూడదు, అంతే. మీతో కాకపోతే కాదని సెప్పండి, నేను ఇంగో దోవ సూసుకుంటా," అన్నాడు.

ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో నన్నెవరూ అంత మర్యాదగా చెంపదెబ్బ కొట్టలేదు. అతను వెళ్లాక నాలుగు జాబ్ కార్డులూ బల్ల మీద పరిచాను. నాలుగుసార్లూ మంగళవారమో శుక్రవారమో, నాలుగుసార్లూ పొద్దున్నే. కదలకుండా షెడ్డులో నిలబెట్టి చూస్తే ఇది దొరకదని అప్పటికి అర్థమైంది. స్కానర్ తగిలించి, అంకెలు చూస్తూ, అతను తిప్పినట్టే బండిని తిప్పాలి. దాన్ని లైవ్ డేటా పరీక్ష అంటాం. సోమవారం నేనే వస్తానని ఫోన్ చేశాను. సోమవారం తాను ఉరుకుంద గుడికి పోవాలని, మొక్కు ఉందని నసిగాడు. "నువ్వు యాడికి పోతావో ఆడికే పో, నేను పక్కన కూర్చుంటా," అన్నాను.

శ్రావణ సోమవారం ఉరుకుందలో ఇసుక వేస్తే రాలదు. బస్సుల వెనక బస్సులు. గుడికి కొంచెం ఎడంగా కార్లు, ట్రాక్టర్లు, ఆటోలు వరసగా నిలిపి పూజ చేయిస్తున్నారు. నా ఒడిలో స్కానర్, దానిలో రైల్ సెన్సర్ వోల్టేజీ ఉండాల్సినట్టే ఒకటికి కొంచెం పైన నిలకడగా ఉంది. వీరేశ్ ఇంజన్ ఆపి, దిగి, బానెట్ ఎత్తాడు. పసుపు, కుంకుమ పెట్టాడు. కర్పూరం వెలిగించి తిప్పాడు. టెంకాయ కొట్టి, ఒక చిప్పలో నీళ్లు టైర్ల మీద చల్లాడు. రెండో చిప్ప పట్టుకుని ముందుకు వంగి, కళ్లు మూసుకుని, నీళ్లన్నీ ఇంజన్ నడినెత్తిన ధారగా పోశాడు.

నేను దిగి ఎన్నాళ్లుగా ఇలా పోస్తున్నావని అడిగాను.

"బండి కొన్నప్పట్నుంచీ సార్, మూడేండ్లాయ. శ్రావణమొస్తే ప్రతి సోమవారమూ వస్తా. ఈసారి బండి నిలబడబట్టి గురువారం గూడా వస్తాండా. పొద్దున ఆయమ్మను ఎక్కించుకోవల్ల గద, ముందు దినమే స్వామికి సెప్పుకుంటా."

అని, సంతోషంగా ఇంకో మాట చేర్చాడు.

"ముందు ఆ మూత మీద పడి పక్కకు జారిపోతాండె. మీరు మూత తీసేసినాక నేరుగా ఇంజనుకే తగులుతాంది తీర్థం."

మూడేళ్లు పోసిన నీళ్లకు ఏమీ కాని బండి, నేను మూత తీసి, సీలు లేకుండా తగిలించాక ఆగడం మొదలుపెట్టింది. ఆగిన కొద్దీ అతను ఇంకా భక్తిగా, వారానికి రెండుసార్లు పోశాడు. ఆమె ప్రాణం కోసం మొక్కిన ప్రతిసారీ మర్నాడు బండి ఆగడానికి దారి పడింది. ఆ దారి తీసింది నేను.

తిరుగు దారిలో ఒక హోటలు దగ్గర భోజనానికి ఆగాం. ఇంజన్ చల్లబడింది. మళ్లీ బయల్దేరిన పది నిమిషాలకు స్కానర్‌లో అంకె ఎగరడం మొదలైంది. ఒకటి నుంచి మూడుకు, మూడు నుంచి నాలుగున్నర పైకి. పసుపుపచ్చ లైటు వెలిగింది, బండి మెల్లగా రోడ్డు వారన ఆగింది. పి 0193. నేను దిగి బానెట్ ఎత్తి టేపు కోశాను. కనెక్టరు లాగితే లోపలి నుంచి రెండు చుక్కలు నా అరచేతిలో పడ్డాయి. జిగటగా, కుంకుమ రంగులో, కొబ్బరి వాసనతో. నీళ్లు లోపలికి పోకుండా నేను చుట్టిన టేపు, పోయిన నీళ్లను బయటికి రాకుండా పట్టి ఉంచింది. వేడికి ఆరుతుంది, చల్లబడితే మళ్లీ తడి చేరుతుంది. అందుకే పొద్దున్నే ఆగేది.

వీరేశ్ నా భుజం పక్కనుంచి తొంగి చూస్తున్నాడు. ఏమైంది సార్ అన్నాడు.

"నువ్వు పోసిన నీళ్లే వీరేశ్. కనెక్టర్లోకి పోయినాయి," అన్నాను.

అందులో ఒక్క మాట అబద్ధం కాదు. తర్వాతి మాట నోటి దాకా వచ్చింది. ఏడు నెలల్లో రిటైరవుతున్నాను. ఒకే ఫిర్యాదుతో నాలుగుసార్లు వచ్చిన బండి, దానికి వర్క్స్ మేనేజరు చేతి తప్పు కారణమని తేలితే నా సర్వీసు చివర ఆ మరక ఉంటుంది. ఆ మాట మింగేశాను.

వీరేశ్ ఇంజన్ వంక చూశాడు. "అంటే ఆయమ్మకు అట్లయింది నా వల్లనా సార్?" అని అడిగాడు. నేను అవుననలేదు, కాదనలేదు. ఇకమీద ఇంజన్ మీద నీళ్లు పోయొద్దని మాత్రం అన్నాను. అతను రోడ్డు పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేను పిన్నులు తుడిచి బండి స్టార్టు చేసి పిలిచేదాకా లేవలేదు.

జాబ్ కార్డులో మూడు గడులుంటాయి. ఫిర్యాదు, కారణం, పరిష్కారం. కారణం గడిలో, "వాహనదారుడు పూజ సందర్భంగా ఇంజన్‌పై నీరు పోయడం" అని రాసి సంతకం పెట్టాను. ఆ వారంలోనే కొత్త కనెక్టరు సీలుతో సహా వచ్చింది. తగిలించాం. ఇంజన్ మూతకు కొత్త పట్టు వేయించి బిగించాం. ఆ కోడ్ ఆ బండికి మళ్లీ రాలేదు. ప్రాంతీయ కార్యాలయం వాళ్లు మెచ్చుకుని, వాహనపూజలు చేసే కస్టమర్లకు జాగ్రత్తలు చెప్పాలంటూ అన్ని శాఖలకూ సర్క్యులర్ పంపారు. కనిపెట్టింది నేనని అందులో నా పేరు వేశారు.

బాషా ఆ సర్క్యులర్ నోటీసు బోర్డు దగ్గర నిలబడి చదివాడు. చదివి నా గదికి వచ్చాడు.

"సార్, దీంట్లో సీలు మాట లేదే."

"అదిప్పుడు ఏంటికిలే బాషా," అన్నాను.

సరే సార్ అని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఏ బండిలో ఏ తప్పు కనిపించినా నన్ను పిలిచి చూపించడం మానేశాడు. తనే చూసుకుని, కాగితం మీద రాసి, సంతకానికి పంపేవాడు. నాకు అది బాధగానే ఉండేది. అయినా పిలిచి అడిగే ముఖం నాకు లేదు.

నెల గడిచాక ఒక శుక్రవారం, కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటూ, బాషా తనంతట తానే మాట కదిపాడు. అతని ఇల్లు డయాలిసిస్ కేంద్రానికి దగ్గర. వీరేశ్ ఆ బాడుగ వదిలేశాడట. కర్నూలు నుంచి నాగమ్మ ఇంటికి వచ్చిన రోజే వెళ్లి, తాను పోసిన నీళ్ల వల్లే బండి నిలబడిందని ఆమెకు తనే చెప్పాడట. ఆమె ఊరంతా వినేట్టు తిట్టిపోసిందట. తన చేతిలో మంచి లేదని, ఇక రోగులను ఎక్కించుకోనని, అతను కోడుమూరు సంతకు పోయే వ్యాపారులకు బండి తిప్పుకుంటున్నాడు. నాగమ్మ ఇప్పుడు పల్లె నుంచి పెద్దకడుబూరుకు ఒక బస్సు, అక్కడి నుంచి ఆదోనికి ఇంకో బస్సు ఎక్కి వస్తోంది.

"పొద్దున సూసినా సార్. బస్సులో సీటు దొరకలేదంట, నిలబడే వచ్చింది. మెట్ల మీద కూలబడి, లోపలికి పోనీకి కాళ్లు రావడం లేదు ఆయమ్మకు," అన్నాడు బాషా. నా ముఖం చూడకుండా కాగితాలు సర్దుకుని వెళ్లాడు.

ఆ శనివారం ఎప్పటిలా ఇంటికి, కర్నూలుకు, వెళ్లలేదు. ఆదివారం పొద్దున బస్సెక్కి ఎమ్మిగనూరులో దిగి, వీరేశ్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. వాళ్ల నాన్న మగ్గం మీద ఉన్నాడు, చప్పుడుకు మాట వినబడదని మేము బయట అరుగు మీద కూర్చున్నాం. జూన్‌లో సీలు తెగడం, టేపు చుట్టడం, మూత తీయడం, ఇండెంట్ పెట్టకపోవడం, అన్నీ వరసగా చెప్పాను. సీలు ఉండి, మూత ఉండి ఉంటే ఇంకో పదేళ్లు పోసినా ఆ నీళ్లు లోపలికి పోయేవి కావన్నాను. తప్పు నాదన్నాను.

అతను విన్నాడు. కోపం వచ్చిందో లేదో తెలియలేదు. తర్వాత అడిగాడు.

"ఆ పొద్దు, రోడ్డు మీద, మీకు తెలుసునా ఇది?"

"తెలుసు."

"తెలిసీ నన్ను ఆడ కూసోబెట్టినారా సార్?"

అతను లేచి లోపలికి వెళ్లి చొక్కా వేసుకుని, బండి తాళంచెవి తీసుకుని వచ్చాడు.

"నాకు సెప్తే సాలదు. ఆయమ్మకు సెప్పల్ల. పదండి."

నాగమ్మను నేను చూడటం అదే మొదటిసారి. ఆమె బాడుగ బండిని నాలుగుసార్లు విప్పినవాణ్ణి, ఆమెను ఒక్కసారీ చూడలేదు. ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని ఉంది. పాదాలు వాచి ఉన్నాయి. ఎడమ చేతికి మిషన్ సూదుల మచ్చలు. వీరేశ్‌ను చూడగానే ముఖం తిప్పుకుంది. నేను నిలబడే అన్నీ మళ్లీ చెప్పాను. సెన్సర్, ఈసీయూ అంటే ఆమెకు తెలియదు కాబట్టి, బండిలో ఒక రబ్బరు ముక్క నా చేతిలో తెగిందని, అది వేయకుండా పంపానని, అందుకే నీళ్లు లోపలికి పోయాయని, తెలిసి కూడా నెలరోజులు నోరు మూసుకున్నానని చెప్పాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నెల దినాలు వీణ్ణి తిట్టినా అప్పా నేను. వీని బిడ్డల్ని గూడా తిట్టినా. ఆ తిట్లన్నీ ఇప్పుడు యాడికి పోవల్ల?"

"నాకే రావాలమ్మా," అన్నాను.

"నీకేం తగుల్తాయిలే. నీ మొగం సూస్తే నాకన్నా ముందు నువ్వే పోయేటట్లుండావు." ఊపిరి కూడదీసుకోవడానికి ఆగింది. తర్వాత తల తిప్పి వీరేశ్‌ను అడిగింది. "మంగళారం ఎన్ని గంటలకొస్తావు రా?"

వీరేశ్ అయిదున్నరకు అన్నాడు. అప్పుడు అతని ముఖం చూడలేక నేను పక్కకు తిరిగాను.

సోమవారం ఆ జాబ్ కార్డు తీయించి, కారణం గడిలో నా రాత కిందే మిగతాది రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. సవరణ నివేదిక పైకి పంపాను. నాకు మెమో వచ్చింది, సర్వీసు రిజిస్టరులో ఎక్కింది, దానితోనే రిటైరయ్యాను. సర్క్యులర్‌ను మాత్రం ఎవరూ సవరించలేదు. బాషా మళ్లీ నన్ను పిలిచి తప్పులు చూపించడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇంతే. కోడ్ చెరిపే ముందు ప్రింటు తీయండి. తెగిన సీలును తెగిందని ఆ రోజే రాయండి, బండి షెడ్డులో ఉండిపోయినా సరే. ఆ రోజు బండి ఆపి ఉంటే వీరేశ్ వారం పాటు ఇంకో బండి మాట్లాడుకునేవాడు, అంతకన్నా నష్టం లేదు. కారణం గడిలో సగం కారణం రాసి సంతకం పెడితే మిగిలిన సగం ఎక్కడికీ పోదు, ఎవరో ఒకరు మోస్తారు. ఆ నెలంతా దాన్ని వీరేశ్ మోశాడు. నాగమ్మ వాచిన కాళ్లతో రెండు బస్సులు మారి, నిలబడి మోసింది.